లైప్‌జిగ్ స్టేషన్‌లో ఆమె సగం

"నువ్వు ప్రష్యా తీసుకో. నేను సాక్సనీ చూసుకుంట," అంది సుధేష్ణ, స్క్రీన్ మీద.

"ప్రష్యా అంటే దొరలు. నాకొద్దు."

"సాక్సనీకి రాజు లేడా ఏంది? అక్కడేమన్న మీ యూనియన్ నడిచిందా?"

అలా పోట్లాడుకుంటూ పరిచయమయ్యాం. 2021 జనవరి, ఐర్లాండ్. లాక్‌డౌన్. ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటితే పోలీసులు, ఇక్కడి మాటలో గార్డులు, వెనక్కి పంపేవాళ్లు. నేను మెయ్‌నూత్‌లో అద్దె గదిలో ఉన్నాను. ఆమె లూకన్‌లో దమయంతి ఆంటీ అనే తెలుగావిడ ఇంటి పైగదిలో అద్దెకు. ఇద్దరిదీ చరిత్ర ఎంఏ. ఇద్దరికీ కలిపి ఇచ్చిన ప్రజెంటేషన్: జర్మనీలో లైప్‌జిగ్ నగరపు రైల్వే స్టేషన్.

1915లో తెరిచారు. ప్రష్యా, సాక్సనీ అప్పటి జర్మనీలో రెండు రాజ్యాలు. ప్రష్యా రైల్వే, సాక్సనీ రైల్వే కలిసి కట్టించాయి గానీ కలిసి ఉండలేకపోయాయి. అందుకే ఒకే భవనానికి అచ్చుగుద్దినట్టు రెండు హాళ్లు, రెండు గుమ్మాలు. ఇరవై ఆరు ప్లాట్‌ఫాంలు చెరి పదమూడు.

"హైదరాబాద్‌ను మీరూ మేమూ పంచుకున్నట్టు," అన్నాను. మాది ఒంగోలు, అక్కడ విద్యార్థి యూనియన్‌లో తిరిగినవాణ్ణి.

"పదేండ్లకు మీరు ఖాళీ చేయాలె. యాదుందా?" అంది కరీంనగర్ పిల్ల.

పని పేరు చెప్పి రోజూ ఫోన్లు. మెయ్‌నూత్‌లో వాన మొదలవగానే నేను చెప్పేవాణ్ణి: "ఆరేసిన బట్టలు తీసెయ్, వాన అటే వస్తోంది."

ఇరవై నిమిషాలకు జవాబు: "వచ్చింది. నువ్వే పంపినట్టుంది."

1944 బాంబులకు కూలిన పైకప్పు గురించి, యుద్ధం తర్వాత దాన్ని మళ్లీ లేపిన మనుషుల గురించి ఆమె చెబుతుంటే, నేను నోట్సు మానేసి ఆమెనే చూసేవాణ్ణి.

"ఏం చూస్తున్నవ్?"

"నెట్ స్లో. నీ బొమ్మ ఆగిపోయింది."

"ఆగిన బొమ్మను చూసి నవ్వుడెందుకు?"

ప్రేమేనని నాకు తెలుసు. చెప్పే దమ్ము లేదు.

మార్చి మొదటి గురువారం, పదింటికి ఆన్‌లైన్ క్లాసులో ప్రజెంటేషన్. ఏడింటికి ఫోన్ మీద ఆమె మెసేజ్ మొదటి వరుస కనబడింది: "యోనా, ఇయ్యాల నేను రాలేను."

మిగతాది తెరవలేదు. ఒంటరిగా వదిలేసిందని ఒళ్లు మండింది. స్లైడ్ తెరిచి ఆమె పేరు చెరిపేశాను. ఆమె రాసిన పేజీలన్నీ నావే అన్నట్టు చదివాను.

చదవడమేనా? కాలేజీ గేటు ముందు మైకు పట్టిన గొంతు కదా, అరిచాను. "ఈ స్టేషన్‌కి రాళ్లు మోసినవాళ్ల పేరు ఒక్కటైనా చెప్పండి! పని ఒకరిది, పేరు ఇంకొకరిదా?"

మేడమ్ మెచ్చుకున్నారు. "మరి సుధేష్ణ?" అని అడిగారు.

"ఆమె ఏమీ చేయలేదు," అన్నాను.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

క్లాసు అయ్యాక, దులిపేద్దామని ఆమెకు ఫోన్ చేశాను. దమయంతి ఆంటీ ఎత్తారు.

"యోనానా? ఇప్పుడే పడుకుంది నాయనా. తను పార్ట్‌టైం పనిచేసే నర్సింగ్ హోమ్‌లో, అదే ముసలివాళ్లను చూసుకునే చోట, ఇద్దరికి కోవిడ్ వచ్చిందట. నిన్న సాయంత్రం పోయిన పిల్ల పొద్దున తొమ్మిదింటికొచ్చింది. ఓ పెద్దావిడ పోయారట. కొడుకు రాలేకపోతే, వీడియో కాల్‌లో అతన్ని చూపిస్తూ చివరిదాకా ఆవిడ ముందు ఫోన్ పట్టుకుని ఇదే నిలబడిందట. నీకన్నీ రాశానంది కదా?"

అప్పుడు తెరిచాను. "రాత్రి ఒక పెద్దామె పోయింది, ఇంక డ్యూటీలనే ఉన్న. నా సగం నువ్వే చదువు, నీ గొంతుల బాగుంటది. మేడమ్‌కు చెప్పు."

కూలీల మీద ఉపన్యాసం ఇచ్చాను. రాత్రంతా కూలికి నిలబడ్డ పిల్ల పేరు చెరిపాను. నేను ఇన్నాళ్లూ తిట్టిన దొర ఎక్కడో లేడు, నా గదిలోనే, నా చొక్కాలోనే ఉన్నాడు.

సాయంత్రం ఆమెకు అంతా చెప్పాను.

"పేరు తీసినవ్, సరే. 'ఏం చేయలే' అన్నవా?"

"అన్నాను."

"ఎందరి ముందట?"

"పద్దెనిమిది మంది."

"గా పద్దెనిమిది మంది ముందటనే చెప్పు. నాకు ఫోన్ చెయ్యకు."

తర్వాతి గురువారం కెమెరా పెట్టుకుని చెప్పాను. "ఆ పేజీలు సుధేష్ణవి. కోపంతో ఆమె పేరు తీసేశాను. అబద్ధం చెప్పాను." మేడమ్ నా మార్కులు కోసేశారు, ఆమెకు విడిగా అవకాశం ఇచ్చారు. ఆమె చెప్పింది. అరవకుండా చెప్పింది. నాకంటే బాగా చెప్పింది.

నెల రోజులు ఫోన్ లేదు. చేయవద్దంది, చేయలేదు.

ఏప్రిల్ పన్నెండున అయిదు కిలోమీటర్ల నియమం సడలించారు. ఆ పొద్దున్నే మెసేజ్: "లీక్స్‌లిప్‌ల కాలువ గట్టు మీదికి రా. పదకొండింటికి. ఉపన్యాసం తేకు."

మా ఇద్దరి ఊళ్లకీ మధ్య ఊరది. ఆమెను నిలువెత్తున చూడటం అదే మొదలు. అనుకున్నదానికంటే పొట్టి. రెండు మీటర్ల దూరంలో ఆగింది.

"ప్రేమిస్తున్నాను," అన్నాను. "అడిగే అర్హత మాత్రం పోగొట్టుకున్నాను."

"మాస్క్ తియ్యి."

"ఎందుకు?"

"క్లాసుల తప్పు ఒప్పుకున్ననాడు నువ్వు చిన్న డబ్బాల కనబడ్డవ్. సరిగ చూడలే."

తీశాను. ముఖమంతా వేడి. తప్పించుకుని ఎటు చూడాలో తెలియలేదు. ఆమె మాత్రం తీరిగ్గా చూసింది.

"మళ్ల కోపమొస్తె?"

"వస్తుంది. రాదని చెప్పను. నీ గురించి మాత్రం నిన్ను అడక్కుండా నోరెత్తను."

ఆమె తన మాస్క్ కూడా తీసి జేబులో పెట్టుకుంది.

"సిగ్గుపడేటోనితోని నడవొచ్చు," అంది. "పా. ఇగ తల ఎత్తు."

పక్కనే నడిచాను. తల ఎత్తడానికి మాత్రం ఇంకా చాలా దూరం పట్టింది.