లోపలి వరుసలో బిళ్ళ

"'నా రగతాన్ని నేనే పాడు చేసుకుంటానా తల్లీ?' అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయినాడు మేడమ్. రెండు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు."

అంతవరకూ చెప్పి డాక్టర్ షర్మిల కళ్లు తుడుచుకుంది. కోలారులో ప్రైవేటు డిటెక్టివ్ నాగరత్న ఆఫీసు అది. నాగరత్న కళ్లు మూసుకుని వింది. మేడమ్ ఇలా కళ్లు మూసుకుంటే కేసు సగం తేలినట్టేనని సహాయకుడు వసంత్ నమ్మకం.

కేజీఎఫ్‌లో మూతపడిన గని ఆఫీసులో షర్మిల పాము విషం మీద పరిశోధన చేస్తోంది. విషాన్ని విరిచే యాంటీబాడీలు ఆమెకు దొరికింది కాపలాదారు ఆవులప్ప రక్తంలో. రాయల్పాడు మామిడితోటల్లో మూడుసార్లు పాము కరిచినా బతికిన మనిషి. మూడేళ్లు కష్టపడి వేరుచేసిన ఆ యాంటీబాడీల సీసాలు సోమవారం చూస్తే తెల్లటి పలుకులు తేలి పనికిరాకుండా ఉన్నాయి. చల్లగది తాళంచెవులు తను కాక ఇంకో ముగ్గురి దగ్గర ఉన్నా, ఆమె నోటికొచ్చినట్టు తిట్టి పనిలోంచి పంపేసింది ఆవులప్పనే. మిగతా ఇద్దరూ చదువుకున్నవాళ్లు మరి. అది తలుచుకుంటే ఆమెకు సిగ్గుగా ఉంది.

ఆ మధ్యాహ్నమే నాగరత్న చల్లగది ముందు నిలబడింది. తలుపు పక్కన చెక్కపలక మీద 'లోపల', 'బయట' అని రెండు వరుసలు, వాటికి పేర్లు చెక్కిన ఇత్తడి బిళ్ళలు. లోపలికి పోయేవాళ్లు తమ బిళ్ళను లోపలి వరుసకు మార్చాలి, వచ్చేటప్పుడు బయటికి. పాతకాలం గని పద్ధతి.

"శనివారం బయటికి వచ్చేటప్పుడు మీ బిళ్ళ మార్చినారా?"

"లేదు మేడమ్. తొందరలో మరిచిపోయి వెళ్లిపోయినాను," అంది షర్మిల. "సోమవారం చూస్తే బయటి వరుసలో ఉండింది."

జూనియర్ శాస్త్రవేత్త మునీంద్ర దాపరికం లేకుండా మాట్లాడాడు. "పేపర్లో నా పేరు వెనక్కి నెట్టినారని కోపం నిజమే. శనివారం పొద్దున్నే ఆవని ఊరికి పోయినాను. ఇంగ ఆ బిళ్ళలంటారా, నేను ముట్టుకునేదే లేదు."

స్టోర్ కీపర్ మైఖేల్ తల ఎత్తలేదు. గనిలోకి దిగి పైకి రాని కార్మికుడి కొడుకు.

"కరెంటు పోతే జెనరేటర్ మీద నడిచేదేది మైఖేలప్పా?"

"స్టోర్లో ఐసు పెట్టె ఒకటేనమ్మా."

నాగరత్న సీసా మీది చీటీని వెలుగుకు పట్టి చూసింది. సిరా పాకి, ఆరిపోయి ఉంది.

మర్నాడు పొద్దున ఆవులప్పతో సహా అందరినీ పిలిపించింది.

"పాడు చేయాలనుకున్నవాడు నేలకేసి కొడతాడు. ఈ సీసాలు గడ్డకట్టి, మళ్లీ కరిగినాయి. శనివారం కరెంటు పోయినప్పుడు ఎవరో కాపాడాలనే ఐసు పెట్టెలో పెట్టినారు. యాంటీబాడీలు చల్లగా ఉండాల, గడ్డకట్టకూడదు. ఆ సంగతి మునీంద్రకు తెలుసు. స్టోరు తాళం ఆవులప్ప దగ్గర లేదు. ఇంగ బిళ్ళ. గనిలో సాయంత్రం లోపలి వరుసలో బిళ్ళ మిగిలితే ఆ మనిషి ఇంటికి రాడని అర్థం. అది చూసి ఊరికే పోలేనివాడు ఇక్కడ ఒక్కడే."

మైఖేల్ షర్మిల వైపు తిరిగాడు.

"ఆ సాయంత్రం కరెంటు పోయిందమ్మా. నీ బిళ్ళ లోపల ఉండాది. పిలిస్తే పలకలేదు. యాడ పడిపోయినావో అని తాళం తీసి మూలమూలా వెతికినాను. నువ్వు లేవు. సీసాల పెట్టె చూస్తే చల్లదనం పోతా ఉండాది. నీ కష్టం వృథా అయిపోతాదని ఐసులో పెట్టి, నీ బిళ్ళను బయటికి మార్చినాను. ఆదివారం సీసాలు మళ్లీ తెచ్చిపెట్టినాను. నువ్వు ఆవులప్పను తిడతా ఉంటే, నాదీ ఉద్యోగం పోతాదని నోరు తెరవలేదు. పాపం మూటగట్టుకున్నాను."

షర్మిలకు అతని మీద కోపం రాలేదు. క్షణం పట్టే పని తను మరిచిపోతే, ఒక మనిషి చీకట్లో తన కోసం వెతికాడు, ఇంకో మనిషి నింద మోశాడు. అసలు నేరం ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది.

"అందరి ముందే తిట్టినాను, అందరి ముందే అడుగుతున్నాను. క్షమించు ఆవులప్పా," అంది. పరిశోధన మళ్లీ మొదలవ్వాలంటే అతని రక్తమే కావాలి. అది మాత్రం ఆమె అడగలేదు.

 ఆవులప్ప చొక్కా చేయి పైకి మడిచాడు.

"రగతం ఎడమ చేతిలోనే తియ్యి తల్లీ. కుడిచేత్తో సంతకం పెట్టాల గదా, పనిలో మళ్లీ చేరినట్టు."