ఘాటు రాని పొగ

మిట్టమధ్యాహ్నం... పన్నెండు గంటలు!

అర్ధరాత్రికి భయపడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. అర్ధరాత్రి తలుపులకు గడియలుంటాయి, పిల్లలు తల్లి పక్కలో ముడుచుకుని ఉంటారు. ఆ వేళలో క్షుద్రశక్తులకు దొరికేదేముంది, మన్ను! మనిషి నీడ అతని పాదాల కిందే దాక్కునే ఈ మధ్యాహ్న వేళ... తోడుగా సొంత నీడ కూడా నిలబడని ఈ ఘోర ముహూర్తం... ఇదీ వాటి విందు వేళ!

సింగరాయకొండ దాటి సముద్రం వైపు వెళితే, సరుగుడు తోపుల చివర ఒక రిసార్టు ఉంది. పేరెందుకులెండి. వైశాఖ మాసపు ప్రచండ భానుడు నిప్పులు చెరుగుతున్నాడు. వడగాలి సరుగుడు కొమ్మల్లో దూరి ఊ... ఊ... అని మూలుగుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా సముద్రం మీద ఎక్కడో ఫెళఫెళమని ఉరిమింది! ఏడో నంబరు కాటేజీ కప్పు మీద పట్టపగలు ఒక గుడ్లగూబ వాలింది. రెప్ప వేయకుండా కింది కిటికీకేసే చూస్తోంది!

ఆ కిటికీ లోపల, చల్లటి ఏసీ గదిలో, ఇద్దరు పసిపిల్లలు నిద్రపోతున్నారు. తలుపుకి బయట తాళం.

కన్నవాళ్ళు ఏరీ అంటారా? అక్కడికే వస్తున్నా.

తండ్రి పేరు కోటేష్. గుంటూరు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారి. కాయని చిటికెలో నలిపి, వాసన చూసి, ఏ రకమో ఏ ఊరి చేలో పండిందో చెప్పే ముక్కు అతనిది. యార్డుకి వేసవి సెలవులివ్వగానే ముగ్గురు నలుగురు వ్యాపారులు కుటుంబాలతో కలిసి సముద్రానికి బయల్దేరారు. భార్య మాధురి. ఐదేళ్ళ కూతురు మంగసాన్వి. మంగళగిరి నరసింహస్వామికి మొక్కుకున్న నాయనమ్మ బసవమ్మ ‘మంగ’ అంటే, నలుగురిలో పిలవడానికి బాగుండాలని తల్లి ‘సాన్వి’ తగిలించింది. చివరికి అందరూ పిలిచేది మంగి అనే. దాని వెనక పది నెలల బుడ్డోడు.

పొద్దుటంతా నీళ్ళలో ఆడి పిల్లలు సొమ్మసిల్లి పడుకున్నారు. ఒడ్డున భోజనాల పాకలో రొయ్యల వేపుడు సిద్ధమైందని కబురొచ్చింది.

"పిల్లల్ని వదిలేసి ఎలా వెళ్తామండీ?" అంది మాధురి.

"ఎంతసేపే, అరగంట! లేపితే ఇద్దరూ రాగం తీస్తారు. నీ ముద్ద నీ నోట్లోకి పోదు. ఇదిగో, నా ఫోను ఇక్కడ పెట్టి నీ ఫోనుకి వీడియో కాల్ చేస్తా. పిల్లలు కదిలినా కనపడుతుంది. ఇంకేం కావాలి?"

అదీ వీళ్ళ తెలివి! కన్నబిడ్డలకు కాపలా... నీళ్ళ సీసాకి ఆనించిన ఒక సెల్‌ఫోను!

గుమ్మం దగ్గర కాటేజీల కాపలాదారు యలమందయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి. నున్నటి గుండు, తెల్లటి పంచె, ఎప్పుడూ నేలని చూస్తూ ఉండే కళ్ళు.

"తమరు నిదానంగా తినిరండి బాబుగారూ. ఈ గుమ్మంలోంచి కదిలితే ఒట్టు," అన్నాడు.

అన్న మాట తప్పలేదు. వాళ్ళు సరుగుడు తోపు మలుపు తిరిగేదాకా కదల్లేదు. ఆ తర్వాత నేలచూపుల కళ్ళు మెల్లగా పైకి లేచాయి. అబ్బ... అవేం కళ్ళు! చితిలో ఆరీ ఆరని నిప్పుల్లా, లోలోపల రగులుతున్న కళ్ళు!

వాడు కాపలాదారు కాదు. పన్నెండేళ్ళుగా శ్మశానాల్లో కపాలసాధన చేస్తున్న మహాక్షుద్రోపాసకుడు!

కాటేజీ వెనక వసారాలో వాడు బూడిదతో త్రికోణం గీశాడు. నడుమ నిప్పులు రాజేశాడు. పక్కన బుట్టెడు ఎండుమిరపకాయలు పెట్టుకున్నాడు. ఎర్రగుడ్డ విప్పి, చేత్తో నిమిరి, ఒక పుర్రెను బయటికి తీశాడు... చిన్న పుర్రె! నుదుట కుంకుమ, కళ్ళ గుంటల్లో కటిక చీకటి!

ఆ కపాలానికి మూడు గొంతులు కావాలి. మూడూ పసిబిడ్డలవే కావాలి. ఏ బిడ్డ పడితే ఆ బిడ్డ పనికిరాదు. కన్నవాళ్ళే చేతులారా తలుపు వేసి వెళ్ళిన బిడ్డ కావాలి. ఆ బిడ్డ మూడుసార్లు తల్లిని పిలవాలి. మూడుసార్లూ జవాబు రాకూడదు! అప్పుడా గొంతు ఎవరిదీ కాదు... కపాలానిది!

ఇప్పటికి రెండు గొంతులు దొరికాయి. ఒకటి తాడేపల్లి నుంచి విహారానికి వచ్చిన పిల్లవాడిది, రెండోది పిడుగురాళ్ళ పిల్లది. ఇద్దరూ బతికే ఉన్నారు, అన్నం తింటారు, బడికి వెళ్తారు. మాట మాత్రం లేదు. ఎంతమంది డాక్టర్లకు చూపించినా గొంతులో ఏ లోపమూ లేదంటారు. మూడోది దొరికిన క్షణాన ఆ పుర్రె నోరు విప్పుతుంది. యలమందయ్య ఎవరి పేరు చెబితే వాళ్ళని పిలుస్తుంది. పిలుపు విన్నవాడు ఎంత దూరాన ఉన్నా నడిచొచ్చి, తనంతట తానే ప్రాణం వదలాలి!

వాడు గుప్పెడు మిరపకాయలు నిప్పుల్లో వేశాడు. "హ్రీం... క్రీం..." చిటపటమని కాయలు పేలాయి. ఎర్రటి పొగ లేచింది. కానీ విచిత్రం! వాడు దగ్గలేదు, కంట నీరు పెట్టలేదు. ఆ పొగలో ఘాటే లేదు!

కప్పు మీద గుడ్లగూబ కూసింది. గదిలో మంగి ఉలిక్కిపడి లేచింది. పక్కన బుడ్డోడు, ఎదురుగా ఫోను. అమ్మ లేదు.

"అమ్మా!"

అది మొదటి పిలుపు...

భోజనాల పాకలో మాధురి ఫోను పళ్ళెం పక్కనే ఉంది. అయితే ఏం లాభం? ఏసీ మోత గుర్రుమని వినిపిస్తోందని, మాట్లాడుకోవడానికి అడ్డమని, కోటేష్ సౌండు తీసేశాడు. దాని మీద చేపల పళ్ళెం ఒకటి వచ్చి కూర్చుంది!

వసారాలో పుర్రె దవడ టక్కున కదిలింది.

గది తలుపులో మారు తాళంచెవి తిరిగింది. "లేచావా తల్లీ! మీ అమ్మ ఎనకమాల ఉంది, రా," అంటూ యలమందయ్య చెయ్యి చాచాడు. మంగి వసారాలోకి వచ్చి అటూ ఇటూ చూసింది. పొగ, ఎర్రగుడ్డ, పుర్రె! తోపులోకి తిరిగి గుండెలు పగిలేలా కేక వేసింది.

"అమ్మా...!"

రెండో పిలుపు! వడగాలి ఆ కేకను ఎత్తుకుని ఒడ్డుదాకా మోసుకుపోయింది. మాధురి చెవిన పడింది కూడా! చేతిలో ముద్ద ఆగిపోయింది. ‘మంగిలా ఉందే’ అనుకుంది. ఓయ్ అనబోయింది... అని ఉంటే ఎంత బాగుండేది!

అనలేదు. అత్త బసవమ్మ పెళ్ళైన కొత్తలోనే నూరిపోసింది. "మిట్టమధ్యాహ్నం గానీ అర్ధరాత్రి గానీ మనిషి కనపడకుండా పిలుపు వినపడితే పలక్కే! గాలీ ధూళీ రెండుసార్లే పిలుస్తాయి. మూడోసారి పిలిస్తేనే మనిషి!" ఏడేళ్ళుగా పాటిస్తున్న అలవాటు. మాధురి పెదవులు బిగించి మూడో పిలుపు కోసం ఎదురుచూసింది.

పెద్దావిడ మంచికే చెప్పింది, పాపం. ఆ మాట ఈ ప్రాంతంలో ప్రతి ఇంట్లో చెబుతారని, ప్రతి తల్లీ మూడో పిలుపుదాకా ఆగుతుందని ఆ దుర్మార్గుడికీ తెలుసు. అందుకే వాడు ఈ వేళను ఎంచుకున్నాడు.

అంతలో పాక నిండా పొగ కమ్ముకుంది. కాలిన మిరపతొక్క ఒకటి గాల్లో తేలివచ్చి పళ్ళెంలో పడింది. కోటేష్ దాన్ని వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మంచి ఘాటు రకం, తేజా కాయేనయ్యా! ఇంత పొగలో ఒక్కడికి దగ్గు రాలేదేం? మూడేళ్ళు కోల్డ్ స్టోరేజీలో మగ్గిన సరుకై ఉంటుంది. ఘాటంతా చచ్చింది!"

వ్యాపారులంతా పకపకా నవ్వారు. ఏం ముక్కయ్యా అది! లక్షల బస్తాల వాసన చూసిన ముక్కు, కన్నకూతురి మీదికొచ్చిన ముప్పు వాసన పట్టలేకపోయింది.

మాధురి నవ్వలేదు. ఆమె తల్లి కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసిన మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి, మండే చేతులతోనే పిల్లల చుట్టూ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటొచ్చి అందరూ దగ్గితే, "ఏం లేదు, హాయిగా పడుకోండి" అనేది. ఘాటు రాలేదంటే మాత్రం ఆవిడ ముఖం మాడిపోయేది. పొగలో ఘాటుని ఏదో మింగేస్తోందన్నమాట... పిల్లల మీద ఏదో కూర్చుందన్నమాట!

మాధురి పళ్ళెం తోసేసి ఫోను లాక్కుంది. తెర మీద మంచం... బుడ్డోడు... పక్కన ఖాళీ దిండు. తలుపు బార్లా తెరిచి ఉంది.

కుర్చీ పడిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా, కాలే ఇసకలో, ఆమె పరుగెత్తింది.

"ఏంటే? ఏమైంది?" అంటూ కోటేష్ లేచి వెంటపడ్డాడు.

వసారాలో యలమందయ్య పుర్రెను మంగి నోటి దగ్గర పెట్టాడు. ఆకాశం మళ్ళీ ఉరిమింది. నిప్పులు నడుమెత్తు లేచాయి.

"పిలువమ్మా... ఇంకొక్కసారి పిలువు!"

మంగి తల అడ్డంగా ఊపింది. కళ్ళ నిండా నీళ్ళు. "నేను పిలవను. ఎన్నిసార్లు పిలిచినా అమ్మ పలకట్లేదు."

చూశారా... ఆ బిడ్డను ఆ క్షణందాకా కాపాడింది కన్నవాళ్ళు కాదు, దేవుళ్ళూ కాదు. అమ్మ మీద అలక!

"పిలవ్వూ?" వాడు వికటాట్టహాసం చేశాడు. "అయితే నీ తమ్ముణ్ణి తెస్తా! వాడికీ గొంతుంది! ఈ నిప్పుల మీద పట్టుకుంటే వాడే పిలుస్తాడు!"

వాడు గదివైపు అడుగు వేశాడు. మంగి గదివైపు చూసింది. తమ్ముడు! చిన్ని నోరు తెరుచుకుంది. పుర్రె దవడలు ఆత్రంగా విచ్చుకున్నాయి. "అ..."

"ఓయ్!"

తోపంతా దద్దరిల్లింది.

"ఓయ్! మంగీ! వస్తున్నానే! అమ్మ వస్తోందే తల్లీ! ఓయ్! ఓయ్!"

పిలుపు పూర్తికాకముందే జవాబు వచ్చేసింది! కాళ్ళు బొబ్బలెక్కి, జుట్టు విరబోసుకుని, మాధురి వసారాలోకి దూకి కూతుర్ని గుండెకు కరుచుకుంది.

అంతే... అప్పటిదాకా మింగిన ఘాటునంతా నిప్పులు ఒక్కసారిగా కక్కేశాయి! బుట్టెడు తేజా కాయల ఘాటు! అది తల్లీబిడ్డల్ని తాకలేదు, మంగికి ఒక్క తుమ్ము రాలేదు. సుడిగాలిలా తిరిగి యలమందయ్య ముక్కులో, నోట్లో, కళ్ళలో దూరింది.

"హ్రీ... ఖళ్... ఖళ్... ఆ...!"

మంత్రం దగ్గులో కొట్టుకుపోయింది. చేతిలోంచి పుర్రె జారి నిప్పుల్లో పడి, నిలువునా పగిలింది. పగుల్లోంచి రెండు చిన్న గొంతులు "అమ్మా!" "అమ్మా!" అంటూ రివ్వున ఎగిరి ఉత్తరంగా వెళ్ళిపోయాయి. ఆకలి తీరని కపాలం మాత్రం తనను మేల్కొలిపినవాడి వైపు తిరిగింది. ఎవరిదీ కాని గొంతుతో, తాపీగా పిలిచింది.

"యలమందయ్యా..."

వాడు చెవులు మూసుకున్నాడు. వద్దు వద్దన్నట్టు చేతులు ఆడించాడు. కాళ్ళు మాత్రం వాటంతట అవే కదిలాయి! అప్పుడే రొప్పుతూ వచ్చిన కోటేష్ పక్కనుంచే, గుడ్డివాడిలా తడుముకుంటూ, తోపు దాటి, ఇసక దాటి, మోకాళ్ళ లోతు, నడుం లోతు, గొంతు లోతు... సముద్రం ఒక్కసారి గర్జించి ఊరుకుంది. సాయంత్రం జాలర్లకు ఒడ్డున ఏడో నంబరు గది తాళంచెవి ఒక్కటే దొరికింది.

కోటేష్ గదిలోకి పరుగెత్తి, ఇంకా నిద్రపోతున్న బుడ్డోణ్ణి ఎత్తుకుని నేలమీద కూలబడ్డాడు. తన చేతి వేళ్ళు వాసన చూసుకున్నాడు. ఘాటు నషాళానికి అంటింది. మగవాడు భోరుమని ఏడ్చాడు.

తాడేపల్లిలో రెండేళ్ళుగా మాటలేని పిల్లవాడు ఆ మధ్యాహ్నం అన్నం తింటూ "అమ్మా, నీళ్ళు" అన్నాడట. ఆ తల్లి చేతిలో చెంబు జారిపోయిందట. పిడుగురాళ్ళ పిల్ల సంగతి నాకు తెలియదు, మాట వచ్చే ఉంటుంది.

మంగి బాగానే ఉంది, బడికి వెళ్తోంది. అయితే జవాబు రాని ఆ రెండు పిలుపులూ తిరిగి రాలేదు. అవి ఇప్పుడు గుంటూరులో వాళ్ళ పెరటి గోడ అవతల ఉంటున్నాయి. రోజూ సరిగ్గా మిట్టమధ్యాహ్నం వినిపిస్తాయి.

"అమ్మా..."

"పలక్కే! మూడోసారి చూద్దాం," అని బసవమ్మ కంగారుగా అరుస్తుంది. మాధురి వినదు.

"ఓయ్! వస్తున్నా!" అంటుంది. రెండోసారి పిలిచినా అంతే. మూడోది ఎప్పుడూ రాదు.

బడి లేని రోజుల్లో, ఒడిలో కూర్చుని అన్నం తింటున్న మంగి ఆ పిలుపు విని, తల్లి ముఖంలోకి చూస్తుంది. ‘ఆ రోజు తోపువైపు తిరిగి నేను అరిచింది కూడా నీకు వినపడిందా?’ అని ఇంతవరకూ అడగలేదు. ఏదో ఒక రోజు అడుగుతుందని మాధురికి తెలుసు.

ముద్ద కలిపి పెడుతుంది.