పన్నెండో దండ

కారుకొండ రాజ్యంలో పిల్లలు నిద్ర లేవడం మానేశారు. అడవిలోని ధూమ్ర అనే రాక్షసి వేసిన మంత్రం అది. రోజుకొక ఇంట ఒకరు. పూసలమ్ముకునే నాంచారికి పద్నాలుగేళ్ళు. తల్లీ తండ్రీ లేరు. ఉన్నదల్లా చెల్లెలు మంగి. ఒకరోజు అదీ లేవలేదు. నాంచారి ఏడవలేదు. చెల్లెల్ని పక్కింటావిడకు అప్పగించి అడవి దారి పట్టింది.

ఏడు వాగులు దాటాక రాక్షసి గుహ కనబడింది. గుమ్మంలో తల నెరిసిన మనిషి కూర్చుని ఉన్నాడు.

“ఎవరు తాతా నువ్వు?”

“తాతను కాను తల్లీ, రాజుగారి కొడుకును. లోపలికెళ్ళినప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు. అక్కడ ఒక రాతిపిట్ట, రంగుకొకటి చొప్పున ఐదు పూసలు ఉన్నాయి. సరైన వరసలో దండ గుచ్చి రాతిపిట్ట మెడలో వేస్తే పిల్లలు లేస్తారు. తప్పు గుచ్చితే ఒక ఏడాది ఆయుష్షు పోతుంది. ముప్పై దండలు గుచ్చాను. వాటిలో గుచ్చిందే ఎన్నిసార్లు గుచ్చానో!”

నాంచారి లోపలికి వెళ్ళింది.

రాక్షసి ఆవలించింది. “మొదటి పూస ఐదింట్లో ఏదైనా కావచ్చు. రెండోది నాలుగింట్లో ఒకటి. తర్వాత మూడు, రెండు, ఒకటి. అన్నీ గుణిస్తే నూట ఇరవై వరసలు. అంత ఆయుష్షుందా పిల్లా నీకు?”

“దండకు మొదలెక్కడుంది అవ్వా? చూపించు.”

నాంచారి వేలితో గాలిలో సున్నా చుట్టింది.

“మెడలో గుండ్రంగా తిప్పితే ఐదేసి వరసలు ఒకటే దండ. అంటే ఇరవై నాలుగు. బోర్లా తిప్పి వేస్తే రెండేసి ఒకటే. ఉన్నవి పన్నెండే.”

“అయినా పదకొండేళ్ళు పోవచ్చే!”

“పోతే పోనీ.”

గుచ్చిన ప్రతి వరసనూ బొగ్గుతో గోడమీద గీసుకుంది. మొదటిది తప్పింది. రెండోదీ తప్పింది. ఆరోదానికి చేతి గాజులు బిగుసుకున్నాయి. తొమ్మిదోదానికి పగిలి రాలాయి. పదకొండూ తప్పాయి. పన్నెండోది వేయగానే రాతిపిట్ట కూసింది. ధూమ్ర పొగై పోయింది.

పోయిన ఏళ్ళు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. నెరిసిన తలతోనే రాకుమారుడు రాజై, నాంచారిని మంత్రిగా రమ్మన్నాడు.

“ముందు ఇంటికెళ్ళాలి” అందామె.

మంగి గడపలో కూర్చుని ఉంది. వచ్చిన మనిషిని చూసి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“మా అక్క ఊళ్ళో లేదండీ. పూసలు కావాలంటే రేపు రండి.”

నాంచారి గడపమీద కూలబడింది. “నేనేనే” అంది. గొంతు మాత్రం మారలేదు.

మంగి చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరికి జరిగి, తల ఆమె ఒడిలో పెట్టుకుంది.