బీదర్‌లో దాచిన సంగతి

బాలమణి మనవరాలికి ఫిట్స్ వచ్చాయనీ, ఆ జబ్బు మొగుడంపల్లి నుంచి, అంటే పిల్ల తల్లి పుట్టింటి నుంచి వచ్చిందనీ పక్కింటి నాగమ్మ నల్లా దగ్గర చెప్పిందట. విన్న ముగ్గురూ బిందెలు నిండినా కదల్లేదట. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన మాణిక్ ఈ మాట కూడా గుమ్మంలో దింపి పోయాడు.

కోడలు నందిని పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బాలమణి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు. నాగమ్మకు ఆ మాట చెప్పిందెవరో ఆమెకు తెలుసు. నిన్న సాయంత్రం తన నోటితో తనే చెప్పింది.

మొన్న పద్నాలుగు నెలల చిన్నికి ఉన్నట్టుండి ఒళ్ళు కాలిపోయింది. తడిగుడ్డ తెచ్చేలోపే కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. బాలమణి పిల్లను అందుకుని చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, పిడికిట్లో తాళంచెవుల గుత్తి పెట్టింది. కాసేపటికి ఆగింది. జ్వరానికి వచ్చిన ఫిట్సే అయి ఉంటుందన్నాడు డాక్టరు. రెండిళ్ళలో ఎవరికైనా చిన్నప్పుడు ఇలా వచ్చిందా అని అడిగాడు. నందిని లేదంది. బాలమణీ లేదంది. అయితే ఎందుకైనా మంచిదని, హైదరాబాద్‌లో పిల్లకు మత్తిచ్చి తలకు పరీక్ష చేయించమని చీటీ రాశాడు. ఇవాళ మధ్యాహ్నమే ప్రయాణం. పిల్ల తండ్రి సృజన్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా బస్టాండుకు వస్తానన్నాడు.

సంచిలో పిల్ల బట్టలు సర్దుతూ నందిని చటుక్కున ఆగింది.

"అత్తమ్మా, ఒకటి అడుగుత. మొన్న నేను మొత్తుకుంటున్న. మామయ్య వాకిట్లకు ఉరికిండు. నాగమ్మ పిల్ల పండ్ల నడుమ పెట్టనీకి చెంచ తెచ్చె. మీరు ఆమె చెయ్యి కొట్టిన్రు. నోట్లె ఏం పెట్టొద్దు, జరసేపట్ల ఆగుతది అన్నరు. ఆగుతదని మీకెట్ల తెలుసు?"

"పెద్దదాన్ని. తెల్వదా?"

"నాగమ్మ మీకన్న పెద్దది."

మామ మదన్‌మోహన్ పేపరు ఇంకొంచెం పైకెత్తాడు. కాపురంలో ఇలాంటి గడియలకు ఆయనకు పేపరే చాటు.

"మా అమ్మకు ఫోన్ చేసి ముత్తాతల దాక అడిగిన," అంది నందిని. "ఎవ్వలకు లేదంట. ఇప్పుడు మీరు చెప్పుర్రి."

ఈనె బాలమణి వేళ్ళ మధ్య పుటుక్కున తెగింది.

"సృజన్‌కు వచ్చె. మూడుసార్లు. జెరమొస్తేనే. ఈడ చూపెడితే అందరికి ఎరుకైతదని బీదర్ తీస్కపోయినం. పక్కకు తిప్పుమన్నది ఆ డాక్టరే. ఐదేండ్లు దాటినంక మల్ల రాలే. పెండ్లప్పుడు మీ నాయిన అడగలే, మేం చెప్పలే."

నందిని డాక్టరుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, విన్నది విన్నట్టు చెప్పింది.

"తండ్రికి వచ్చి పోయిందా? ఈ మాట మొన్ననే చెప్పొద్దా అమ్మా? ఇది కొన్ని ఇండ్లల్లో నడిచేదే. పాప ఆడుతున్నదా, తాగుతున్నదా? అయితే హైదరాబాద్ వద్దు, సాయంత్రం ఒకసారి నాకు చూపించండి. మళ్ళీ వస్తే మీ అత్తమ్మ చేసినట్టే పక్కకు తిప్పండి. ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆగకుండా తీసుకురండి. చేతిలో తాళంచెవులు గీళంచెవులు పెట్టకండి, వాటితో ఏం కాదు."

నందిని సంచి పక్కనే కూలబడి ఏడ్చింది.

"మొన్న పొద్దుగాల పిల్లకు తలకు నీళ్ళు పోసిన గద అత్తమ్మా. నేను పోసినందుకే వచ్చిందనుకున్న. రెండు రాత్రులు కన్ను మూయలే."

ఇరవై ఆరేళ్ళు బాలమణి పరువని దాచిన సంగతి, ఈ కోడలిపిల్లకు నిద్ర పట్టించగలిగిన ఒకే ఒక్క మాట. అది ఇప్పుడు అర్థమై ఆమె కళ్ళు తడిశాయి. చిన్ని పాక్కుంటూ వచ్చి చిక్కుడుగింజ నోట్లో పెట్టుకోబోతే, వేలితో తీసేసి ఒళ్ళోకి లాక్కుంది.

అప్పుడే నాగమ్మ మంత్రించిన తాడు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"హైదరాబాద్ పోతున్నరట గద బాలమణీ? తల్లి దిక్కుకెళ్ళి వచ్చిన బీమారి, జర గట్టిగ చూపియ్యిర్రి."

బాలమణి పిల్లను చంకనెత్తుకుని గుమ్మంలోకి నడిచింది.

"ఈ బీమారి మొగుడంపల్లికెళ్ళి రాలే నాగమ్మక్కా. నా కొడుక్కుండె. దాసింది నేనే, నీకు అబద్ధం చెప్పింది గూడ నేనే. పోయి గిది గూడ నల్ల కాడ చెప్పు."