పాత లాకుల దగ్గర రెండు దెబ్బలు

పెడన నుంచి బందరు వెళ్లే దారిలో కాలువ మీద పాత లాకులున్నాయి. మోషే మాస్టారు పోయిన దగ్గర్నుంచి పొద్దుగూకితే అటు మనిషన్నవాడు వెళ్లడు. నీళ్లలోంచి ఏవో చప్పుళ్లు వస్తాయని... మనుషులెవరూ కనబడరని... చెప్పుకుంటారు.

మోషే మాస్టారంటే డైవింగ్ కోచ్. ఆ లాకుల మీంచి పిల్లల్ని దూకించి, దూకించి, జాతీయ పతకాల దాకా పంపించాడు. ఆయన పద్ధతే వేరు. నీళ్లకు వీపు పెట్టి కూర్చునేవాడు. కళ్లు మోసపోతాయి, చెవి మోసపోదని ఆయన నమ్మకం. చేతిలో గుడ్డల మీద అద్దే పాత కలంకారీ చెక్క అచ్చు ఒకటి. దూకిన చప్పుడు నచ్చకపోతే దాంతో రాతి మీద ఒక్క దెబ్బ... అంటే మళ్లీ ఎక్కు. నచ్చితే రెండు. రెండు దెబ్బలు పడినవాళ్లే ఇంకొకరికి నేర్పాలని కట్టడి.

ఇది మా గోపీనాథ్ బావ చెప్పిన మాట. బావ అచ్చులద్దే మనిషి. పగలు మహా ధైర్యవంతుడు.

ఓ రాత్రి బందరు నుంచి వస్తుంటే సరిగ్గా లాకుల దగ్గరే స్కూటర్‌లో పెట్రోలైపోయింది. బండి తోసుకుంటూ నాలుగడుగులు వేశాడో లేదో...

సర్ర్‌... మని కొత్త గుడ్డ చింపిన చప్పుడు.

ఆ వెంటనే — టప్!

గుడ్డ మీద అచ్చు పడే చప్పుడు బావకు తెలీనిదా? దెయ్యం తాను చింపి అద్దకం పెట్టుకుందని తేల్చేసుకున్నాడు. బండి తోయడం ఆపేశాడు. పైగా వెన్నెల్లో లాకుల రాతి మీద తెల్లచీర... నీళ్లకు వీపు పెట్టి కూర్చుంది.

"ఎవరు బాబూ?" అంది తెల్లచీర. "కదలకు. నాకు వినపడాలి."

మాస్టారి భార్య సౌభాగ్యమ్మ గారు. నీళ్లలో ఉన్నది షీబా, మాస్టారి ఆఖరి శిష్యురాలు. గుడివాడలో ఉద్యోగం, రైలు దిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. మెడలో పతకమైతే పడింది గానీ, రెండు దెబ్బలు పడకుండానే మాస్టారు వెళ్లిపోయారు. నేర్పేవాళ్లు లేక ఇక్కడి పిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నారు. ఎవరెంత బతిమాలినా, రెండోది పడితే గానీ నేర్పనని షీబా మొండికేసింది. అందుకని మాస్టారి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి విన్న చెవి కదా అని ఈవిడ అచ్చు పట్టుకుని వస్తోంది. మొగుడి కంటే పీనాసి. ఇన్నాళ్లూ ఒకటే కొడుతోంది.

"అంతా బాగానే ఉంటుంది బాబూ... చివర్లో చిన్న తుంపర," అని గొణిగింది.

బావకు సిగ్గేసింది. హెల్మెట్ పట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడు. షీబా మళ్లీ లాకుల మీదికెక్కి చేతులు చాచింది.

సర్ర్‌... ఈ కొస నుంచి ఆ కొసకు, ఒక్క పోగు పీకకుండా చిరిగిన గుడ్డ. తుంపర లేదు.

బావ రెండు చేతులా హెల్మెట్ గట్టిగా పట్టుకున్నాడు.

టప్... టప్.

షీబా పైకి తేలింది. లాకుల గోడ పట్టుకుని భోరున ఏడ్చింది. రేపే పిల్లల్ని రమ్మంటాను ఆంటీ అని, ఏడుస్తూనే నవ్వుతూ, బట్టలు మార్చుకోవడానికి మెట్ల గదిలోకి వెళ్లింది. బావకూ కళ్లు చెమర్చాయట.

ఆ పిల్ల అటు వెళ్లాక బావ మెల్లిగా అడిగాడు.

"నిజంగా బాగుందా మామ్మగారూ... జాలిపడి కొట్టారా?"

సౌభాగ్యమ్మ గారు కొంగు తీసి చూపించింది. అచ్చు ఒళ్లోనే ఉంది.

"నేనింకా కొట్టనేలేదు... నువ్వు కొట్టావనుకున్నాను బాబూ."

బావ రెండు చేతుల్లోనూ హెల్మెట్టే ఉంది.