ఉప్పుమళ్ల మలుపులో తెల్లచీర

సముద్రం ఒడ్డునున్న ఆ పల్లెకి వెళ్లే దారిలో, ఉప్పుమళ్ల మలుపంటే బస్సు డ్రైవర్లందరికీ హడల్. చీకటి పడ్డాక అక్కడ తెల్లచీర కట్టిన ఆడమనిషి చెయ్యెత్తుతుందట. ఆపినవాడు నెత్తురు కక్కుకుని చస్తాడట. అలా చచ్చినవాడెవడని మాత్రం అడక్కండి... ఇంతవరకూ ఆపినవాడే లేడు!

ఆ రాత్రి ఆఖరి బస్సు తోలుతున్న డ్రైవరుది ఆ పల్లే. భార్యకి నెలలు నిండాయి. మనసంతా ఇంటి దగ్గరే ఉంది.

మలుపు దగ్గరపడుతుంటే కండక్టరు వచ్చి చెవిలో గుసగుసలాడాడు.

"అన్నా... అటు చూడకు."

"చూడకుండా ఎలా తోలేదిరా?"

"పోనీ, ఒక కన్ను మూసుకో!"

అంతలో కనబడింది — తెల్లచీర. గాలికి కొంగు ఎగురుతోంది. ఒక చేతిలో నల్లసంచి. రెండో చెయ్యి మెల్లగా పైకి లేచింది...

"ఆ సంచిలో పుర్రెలుంటాయట..." కండక్టరు పళ్లు టకటకలాడాయి.

"ఆపండయ్యా..." అని రోడ్డు పక్కనుంచి కేక.

డ్రైవరు కాలు బిగుసుకుపోయింది — బ్రేకు మీద కాదు, యాక్సిలరేటరు మీద. గుంతల్లో ప్రయాణికులు బంతుల్లా ఎగిరిపడ్డారు.

పల్లెలో బస్సాపి, ఒక్క పరుగున ఇల్లు చేరాడు. లోపలినుంచి భార్య మూలుగు. గుమ్మంలో అత్తగారు.

"నర్సమ్మ ఏది అల్లుడూ?"

"ఏ నర్సమ్మ?"

"మన ఊరికి కొత్తగా వచ్చిన నర్సు. అమ్మాయికి సాయంత్రం నుంచి నొప్పులు. ఆవిడ పక్క ఊళ్లో ఉందట. నీ బస్సుకే, మలుపు దగ్గర ఎక్కుతానని కబురంపింది. తెల్లచీర, నల్లసంచి... కనబడలేదూ?"

డ్రైవరు వెనక్కి పరిగెత్తి, ఖాళీ బస్సు తిప్పాడు. మలుపు దగ్గర కీచుమని ఆపి, తలుపు తీసి, చేతులు జోడించాడు.

"ఎక్కు తల్లీ... నీకు పుణ్యముంటుంది!"

తెల్లారేలోగా ఆడపిల్ల క్షేమంగా పుట్టిందిలెండి. కానీ అంతకుముందు నర్సమ్మని బస్సెక్కించేసరికే అతనికి తలప్రాణం తోకకొచ్చింది.

తలుపు తియ్యగానే ఆవిడ ఖాళీ సీట్లకేసి చూసింది. చెదిరిన జుట్టుతో, చెమటలు కక్కుతున్న అతన్ని చూసింది. సంచి గుండెలకి హత్తుకుని, రెండడుగులు వెనక్కి వేసింది.

"ఈ ఊరొచ్చిన నాటినుంచీ ఇక్కడ చెయ్యెత్తుతూనే ఉన్నాను, ఒక్క బస్సూ ఆగలేదు..." అంది. "నిజం చెప్పు బాబూ... నువ్వు మనిషివేనా?"