ఎర్ర చీటీ తీసిందెవరు?

“మా అత్తగారి కన్ను నేనే తీశానంటున్నారండీ!”

గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే ఆ మాట అనేసి, వచ్చినామె తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఒంటి మీద తెల్లకోటు అలాగే ఉంది. కాళ్లకు రెండు రకాల చెప్పులున్నాయి.

పిచ్చుక గబగబా కుర్చీ జరిపింది. పిచ్చుక అన్నది అన్న పెళ్లయిన కొత్తలో వదిన పెట్టిన పేరు. ఒకచోట నిలవదు, కిచకిచ ఆపదు కాబట్టి ఆ పేరే స్థిరపడింది. ఆ వదినే ఈ ఆఫీసు నడిపే డిటెక్టివు. ఆడపడుచన్నాక వదినకు వంకలు పెట్టడం లోకరీతి. పిచ్చుకకు మాత్రం వదిన తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉందనే అనిపిస్తుంది.

“కూర్చో అమ్మా,” అంది వదిన. “కన్ను పోయిందా, పోబోతోందా?”

“సాయంత్రానికి తేలిపోతుంది. అందుకే పరిగెత్తుకొచ్చాను.”

ఆమె పనిచేసేది కంటి ఆపరేషన్లకు జెల్లు తయారుచేసే చిన్న కంపెనీలో. కోడిగుడ్డు తెల్లసొనలా ఉండే ఆ జెల్లును సూక్ష్మజీవుల చేత పుట్టిస్తారు. డాక్టరు కన్ను కోసినప్పుడు లోపలి పొరలు ఒరుసుకుపోకుండా అది అడ్డు నిలుస్తుంది. అది శుద్ధంగా ఉందో లేదో పరీక్షించి చెప్పడం ఈ ల్యాబమ్మాయి పని.

“చెవికి వినబడని ధ్వనిని జెల్లులోంచి పంపుతామండీ. ఎంత వేగంగా వెళ్లిందో మిషను అంకె చూపిస్తుంది. వేరే ఏది కలిసినా ఆ వేగం మారిపోతుంది. మొన్న సాయంత్రం కొత్త జెల్లు చూస్తే అంకె ఉండాల్సినదాని కంటే తక్కువొచ్చింది. తొట్టి కడిగిన సబ్బునీళ్లు కలిశాయేమోనని అనుమానం వచ్చింది. ‘పంపొద్దు’ అని ఎర్ర చీటీ తగిలించి ఇంటికెళ్లాను. నిన్న మా అత్తగారి ఆపరేషను, నాకు సెలవు. నేను ఆస్పత్రి వరండాలో కూర్చునే ఉన్నాను. లోపల ఆ జెల్లే ఆవిడ కంట్లోకి వెళ్లింది. ‘పంపొచ్చు’ అనే పచ్చ చీటీతో వచ్చిందట!”

“ఇప్పుడెలా ఉంది?”

“పొద్దున కట్టు విప్పితే కన్ను పాలు పోసినట్టు తెల్లగా ఉంది. క్రిములు చేరితే ఒక మందు, సబ్బులాంటిది పడితే ఇంకో మందు అట. ఒకదానికి వేయాల్సింది రెండోదానికి వేస్తే ఇక కన్ను మిగలదన్నాడు డాక్టరు.”

“సబ్బే అని నువ్వు చెప్పలేదా?”

“చెప్పాను. నా నెత్తి మీదికి రాకుండా కథలల్లుతున్నానని మా యజమాని ఆయనతో చెప్పాడు. ‘జెల్లు మంచిదే, మంచిది కాదంటే ఆ తప్పు పరీక్ష చేసినదానిదే’ అంటాడు. మిగిలిన జెల్లంతా, మా దగ్గరుండే నమూనా సీసాతో సహా, పొద్దున్నే పారబోయించాడు. ఆ అంకె కళ్లారా చూసిన రెండో మనిషి చెబితే తప్ప సబ్బుకు వేసే మందు వేయనన్నాడు డాక్టరు.”

“అంకె తక్కువొచ్చిందని ఇంకెవరికి చెప్పావు?”

“‘తేడాగా ఉంది’ అన్నానంతే. ఎంత, ఏమిటి అని అడిగినవాళ్లే లేరు.”

“ఇంట్లో?”

“మా ఆయన మాట్లాడ్డం మానేశాడు. ఆడపడుచు మాత్రం మాట్లాడుతూనే ఉందండీ. అదే బాధ.”

పిచ్చుక చప్పున కిటికీ వైపు తిరిగింది. వదిన నవ్వు దాచుకుని, చేతిసంచి అందుకుంది.

ల్యాబు ఇరుకుగది. గోడకు ఏసీ, దాని కింద బల్ల. బల్ల మీద గుప్పెడంత స్టీలు గిన్నె, దాన్నుంచి వైరు, వైరు చివర అంకెలు వెలిగే పెట్టె. ల్యాబమ్మాయి వేరే మంచి జెల్లు తెచ్చి, నురగ రాకుండా గిన్నె అంచు వెంట జారవిడిచింది. పెట్టె మీద అంకె నిలిచింది. ఈలోగా జరిగిందల్లా, గిన్నెలో ఈ గోడ దగ్గర బయలుదేరిన ధ్వని ఆ గోడను తాకి తిరిగి రావడమే. పిచ్చుకకు నమ్మకం కలగక, వినబడుతుందేమోనని గిన్నెను రెండు చేతులా పట్టుకుని చెవి ఆనించింది.

“అయ్యో, చెయ్యి తీయండి! చేతివేడికే అంకె పెరిగిపోతుంది.”

నిజంగానే చివరి అంకె పైకి పాకుతోంది. పిచ్చుక వేడి పెనం తాకినట్టు చేతులు లాక్కుంది.

“నా మరదలికి వస్తువును చేత్తో చూడందే కనబడదు,” అంది వదిన. “సరే, ఈ గది తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి?”

ల్యాబమ్మాయి దగ్గర కాక, ముగ్గురి దగ్గరున్నాయి. యజమాని, జెల్లు తయారీ చూసే ఆయన బావమరిది, అందరికంటే పెద్ద అయిన ఆయిల్ మాస్టారు. మాస్టారి తలకు నూనె చుక్క ఎరుక లేదు. జుట్టు నెరిసేదాకా నూనెల మిల్లులో నూనెలు పరీక్షించి వచ్చాడని ఆ పేరు. ఇక్కడ మందుల చిక్కదనం చూడటం ఆయన పని.

యజమాని మొదట దొరికాడు. చెమట తుడుచుకుంటూనే గద్దించాడు.

“ఎర్ర చీటీ లేదు, గిర్ర చీటీ లేదు. అంతా ఆవిడ కట్టుకథ.”

“మంచి జెల్లయితే పారబోయించారెందుకు?”

“పేరు పోతుందని! పేరు పోతే ఇంతమంది పొట్టలు మాడతాయి. మీకేం, అడిగి వెళ్లిపోతారు.”

బావమరిది తొట్టి గదిలో ఉన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఎటో చూస్తూ జవాబిచ్చాడు.

“ధ్వనులూ అంకెలూ నాకు తెలియవండీ. నిన్న పొద్దున వచ్చేసరికి జెల్లు పెట్టెకు పచ్చ చీటీ ఉంది, పంపించాను. అంతే.”

“తొట్టి బాగా కడిగారా?”

“కడిగాం... కడక్కుండా ఎలా ఉంటామండీ?”

వదిన తొట్టి అంచు మీద వేలు రాసి, చేతి రుమాలుకు తుడుచుకుంది. ఇతనే దొంగ అని పిచ్చుకకు అప్పుడే తేలిపోయింది.

ఆయిల్ మాస్టారు మాత్రం లేచి నిలబడి కుర్చీలు వేశాడు. కళ్లలో నీళ్లున్నాయి.

“ఆ పిల్ల అబద్ధం చెప్పదమ్మా. బంగారం. ఆవిడ అత్తగారికి ఇలా జరగడం నా ఇంట్లో జరిగినట్టుంది.”

“మరి ఆమె అన్న తేడా నిజమేనా?”

“మొన్న ఏసీ ఆగిపోయింది కదా. గది కుంపటిలా ఉడికింది. వేడికి ధ్వని మందగిస్తుంది, అంకె పడిపోతుంది. అది చూసి కంగారుపడి ఉంటుంది. జెల్లుకేం దోషం లేదు. ఆస్పత్రిలో క్రిములే సోకాయి, నా మాట నమ్మండి.”

వదిన ఆయన్ని ఒక్క క్షణం తేరిపార చూసి, “నమ్ముతాను మాస్టారూ. మీరు నమ్మే మాటే చెప్పారు,” అంది. బయటికొచ్చాక పిచ్చుక చెవిలో అంది: “వెళ్లి కాసింత వంటనూనె పట్రా.”

“వంటనూనా? కన్నొకవైపు పోతుంటే వంటేమిటి వదినా?”

“కిచకిచలాడక ఎగురు. దారిలో ఆ కంటి డాక్టరును కూడా వెంటబెట్టుకురా.”

డాక్టరు వచ్చేసరికి ఎండ వాలుతోంది. కూర్చోకుండానే గడియారం చూసుకున్నాడు. “కంట్లో వాపు పెరుగుతోంది. ఏదో ఒక మందు వెంటనే మొదలుపెట్టాలి. ఇంకా ఆగలేను.”

ల్యాబు గదిలో అందరూ గోడకానుకుని నిలబడ్డారు. వదిన బల్ల వెనక నిలబడింది.

“మొన్న ఇక్కడ అంకె తేడాగా ఉందని ఈ అమ్మాయి అందరితో అంది. ఆ తేడా పైకా, కిందికా? యజమానిగారూ, మీరు చెప్పండి.”

“నాకేం తెలుసు? అసలు లేదంటుంటే!”

“మీరు?”

“నేను మిషను దగ్గరికే రానండీ,” అన్నాడు బావమరిది.

“అంకె పడిపోయిందని మాస్టారు మాత్రం చెప్పారు. అమ్మాయి ఆ మాట నాతో తప్ప ఎవరితోనూ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోనక్కర్లేదు మాస్టారూ, దుమ్ము మీ భుజం మీదే ఉంది. ఆమె వెళ్లాక ఈ గదిలోకి వచ్చి, ఆ జెల్లును మీరు మళ్లీ పరీక్షించారు.”

గదిలో అందరూ ఒక్కసారి మాస్టారి వైపు తిరిగారు. ఆయన మొహం పాలిపోయింది.

“వేడికి తగ్గుతుందమ్మా. ఎవర్నడిగినా చెబుతారు. నేను... నేను అదే కదా అన్నాను.”

“అన్నారు. ఎందుకన్నారో కూడా చూద్దాం. పిచ్చుకా, ఆ నూనె గిన్నెలో పొయ్యి.”

పిచ్చుక స్టీలు గిన్నెలో నూనె పోసింది. వదిన మాస్టారి రెండు చేతులూ తీసుకెళ్లి గిన్నె చుట్టూ చేర్చింది. చేతివేడి ఎక్కేకొద్దీ అంకె కిందికి జారింది.

“చూశారా!” అన్నాడు మాస్టారు ఊపిరి పీల్చుకుని. “నేను చెప్పలా?”

“నూనె విషయంలో మీకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు జెల్లు.”

ల్యాబమ్మాయి గిన్నె కడిగి తుడిచి జెల్లు పోసింది. మాస్టారు మళ్లీ చేతులు చుట్టాడు. అంకె కదిలింది. పైకి. ఆయన చేతులు ఇంకా బిగించాడు. ఇంకా పైకి.

“జెల్లులో ఎక్కువ భాగం నీళ్లే,” అంది వదిన మెల్లగా. “నూనెలో వేడెక్కితే ధ్వని మందగిస్తుంది. నీళ్లలో వేడెక్కితే పరుగు అందుకుంటుంది. పొద్దున నా మరదలు చేతులు పెట్టినప్పుడే ఈ గది ఆ సంగతి చెప్పింది. మొన్న గది వేడెక్కింది, నిజమే. ఆ వేడికి అంకె పెరగాలి. పెరగాల్సిన పూట కూడా తగ్గిందంటే, అందులో కలిసింది కొంచెం కాదు.”

మాస్టారు గిన్నె వదిలి బల్ల పట్టుకున్నాడు.

“నేను దిద్దాననుకున్నానమ్మా. పిల్ల లెక్క తప్పింది, పాపం తిట్లు తింటుందని... ఎర్ర చీటీ తీసి పచ్చది పెట్టాను. అంకె నా కళ్లతో చూశాను. తక్కువే, చాలా తక్కువ. ఈ పొద్దున గొడవ చూసి భయపడ్డాను. జెల్లు మంచిదే కదా, నా పేరెందుకు బయటికి రావాలనుకున్నాను. మంచిదే అనుకున్నానమ్మా!”

డాక్టరు అప్పటికే బావమరిది ఎదుటికి వచ్చాడు. “తొట్టిలో ఏం వాడారు? సబ్బేనా? నిజం చెప్పు, అవతల మనిషి కన్ను!”

అతను బావగారి వైపు చూశాడు. యజమాని తల దించుకున్నాడు.

“సబ్బునీళ్లేనండీ,” అన్నాడు బావమరిది. “ఆ రోజు నీళ్ల మోటారు పాడైంది. జెల్లు తొందరగా కావాలన్నారు. కడగాల్సినన్నిసార్లు కడగలేదు.”

డాక్టరు ఇంకో మాట వినలేదు. ఫోను చెవికి ఆనించి, నర్సుకు మందు పేరు చెబుతూనే మెట్లు దిగిపోయాడు. ల్యాబమ్మాయి ఆయన వెనకే పరిగెత్తింది.

“బావమరిదే అనుకున్నాను వదినా,” అంది పిచ్చుక చిన్నబోయి.

“సగం అతనే. అతను తొట్టి కడగలేదు, మాస్టారు చీటీ మార్చాడు, ఈయన పారబోయించాడు. ఒకరి తప్పు ఒకరికి తెలియకుండానే ముగ్గురూ కలిసి ఒక కన్ను మీదికి తెచ్చారు.” వదిన యజమాని వైపు తిరిగింది. “పోలీసులకు మీరు ఫోను చేస్తారా, నన్ను చేయమంటారా?”

“నేను చేస్తానమ్మా,” అన్నాడు మాస్టారు. ఆయన ఇంకా ఆ అంకెనే చూస్తున్నాడు.

కొన్నాళ్లకు మళ్లీ కట్టు విప్పే పూట వదినా, పిచ్చుకా ఆస్పత్రికి వెళ్లారు. మంచం చుట్టూ బంధువులున్నారు. ల్యాబమ్మాయి మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయింది. రమ్మని ఎవరూ అనలేదు. డాక్టరు దూది తీసి పక్కకు జరిగాడు. ముసలామె కన్ను చిట్లించింది, ఆర్పింది, మళ్లీ చిట్లించింది.

“అదెవరే, తలుపు దగ్గర? మసగ్గా ఉంది. ఇలా రా.”

ల్యాబమ్మాయి వెళ్లి మంచం పక్కన వంగింది. అత్తగారు ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

“ఇదేం మొహమే? కళ్ల కింద ఆ నల్ల చారలేమిటి? నేను పడుకున్నన్నాళ్లూ నీకు నిద్ర లేదా ఏం?”